లెక్కకు రాని లేసు

గత మాసంలో పాత భోషాణం సర్దుతూ ఉంటే, అడుగున ఒక పంచె మడతలో మా అమ్మ అల్లిన రేడియో తొడుగు బయటపడింది. తెల్లని నూలు కాలవశాన లేత గోధుమరంగుకు తిరిగింది. రేడియో ఎప్పుడో పాత సామానులవాడి బండి ఎక్కింది. అమ్మ పోయి పన్నెండేళ్లయింది. తొడుగును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. వరుసకు నాలుగు చొప్పున పదహారు పువ్వులు, చుట్టూ గవ్వల వంటి అంచు. తిరగేసి చూస్తే వెనుకవైపు లెక్కలేనన్ని ముడులు. ఆ ముడులను గురించే ఈ నాలుగు మాటలు.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాలలో పెరిగిన నా యీడువారికి ఈ అలంకరణ కొత్త కాదు. గుమ్మానికి లేసు తెర, టీపాయి మీద గుండ్రని లేసు గుడ్డ, దిండు గలీబులకు లేసు అంచు, చంటిపిల్లకు లేసు టోపీ. దేవుడి పటాల వెనుక కూడా ఒక లేసు ముక్క ఉండేది. పెళ్లిచూపులకు వచ్చినవారు పిల్లను పాట పాడమనడంతోపాటు గుమ్మం తెర వంక ఒక చూపు చూసేవారు. అది పిల్ల చేతి పనితనానికి సాక్ష్యం. మా ఇంట లేసు ఉన్నది ఇంటి అందం కోసమేనని నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి అమ్మ, నాయనమ్మ, మేనత్త కలిసి అల్లినదాంట్లో దాదాపు అంతా మా గుమ్మం దాటి, గోదావరి దాటి, సముద్రం దాటి పోయేదే. మాకు మిగిలినవి ఈ ముక్కలు.

పండితుణ్ణి గనుక ముందు మాట సంగతి చూడకుండా ఉండలేను. మన ప్రాచీన కావ్యభాషలో 'లేసు' అంటే మేలు, బాగు అని అర్థం, 'లెస్స'కు తోబుట్టువు. ఈ అల్లిక పేరైన లేసు అది కాదు, ఇంగ్లీషు నుండి వచ్చినది. దాని మూలం ఉచ్చు, వల అనే అర్థమున్న లాటిను పదం. 'క్రోషా' అన్నది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని అర్థం. కొక్కెం, ఉచ్చు అనే రెండు మాటలలోనే ఈ విద్య యావత్తూ ఇమిడి ఉంది. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేతి కొక్కెం సూదితో ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే. మగ్గం అక్కరలేదు, చట్రం అక్కరలేదు. ఒక సూది, ఒక దారపు ఉండ, వెలుతురు తగిలే అరుగు చాలు.

ఈ విద్య మనకు రాకముందే నరసాపురం సీమ బట్టకు పేరు మోసింది. 17వ శతాబ్దిలో పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారు వర్తకస్థానాలు పెట్టుకున్నది ప్రధానంగా ఇక్కడి నేతబట్టల కోసమే. మాధవాయిపాలెం ఇంగ్లీషువారి నోట 'మదపోలం' అయింది. మెత్తని ఒక రకం నూలుబట్టకు ఆ పేరే యూరపులో స్థిరపడింది. మన ఊరు ఒకటి నిఘంటువుకెక్కిందంటే చిన్న సంగతి కాదు. తరువాత ఇంగ్లాండు మరబట్ట వచ్చి మగ్గాలను మూలకు నెట్టింది.

1830లలో బౌడెన్, బీర్ అనే మిషనరీ దంపతులు నరసాపురం చేరారు. అప్పటికి 1833 నాటి ఘోరమైన కరువు గడిచి ఎంతో కాలం కాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో గాని మొదలు కాలేదు, పూర్తయినది 1852లో. ఆ శతాబ్దిలో మిషనరీ స్త్రీలు ఇక్కడి ఆడపిల్లలకు నేర్పిన చేతిపనులలో ఈ కొక్కెం అల్లిక ఒకటి. మొదట నేర్చినవారు ఎక్కువగా క్రైస్తవంలోకి వచ్చిన కూలి కుటుంబాల పిల్లలు. క్రమంగా అది ఘోషా పాటించే రైతు కుటుంబాల లోగిళ్లలోకి కూడా పాకింది. గడప దాటకుండా చేయదగిన పని గనుక పరువుకు భంగం లేదు. చిత్రమేమిటంటే, ఇంచుమించు అదే కాలంలో, 1840లలో, బంగాళాదుంప పంట పోయి ఐర్లండు కరువుతో అలమటించినప్పుడు అక్కడి పేద స్త్రీలకు సన్యాసినులు నేర్పించిన జీవనోపాధి కూడా ఈ క్రోషా లేసే. రెండు దూరదేశాల ఆకలి ఒకే కొక్కేనికి తగులుకున్నది.

20వ శతాబ్ది ఆరంభం నాటికి వ్యవహారం మిషను చేతినుంచి వ్యాపారుల చేతికి మారింది. వారు విదేశాలనుంచి ఆర్డర్లు తెచ్చేవారు. ఏజెంటు సైకిలు మీద ఊరికి వచ్చి దారం తూచి ఇచ్చేవాడు. అల్లినదాన్ని తిరిగి తూచి తీసుకుపోయేవాడు. ఇందులో ఒక కిటుకు ఉంది. ఒక మంచం దుప్పటి మొత్తం ఒక మనిషి చేతిలో తయారయ్యేది కాదు. ఒకరు పువ్వులు అల్లుతారు. వేరొక ఊళ్లో మరొకరు అతుకుపని చేస్తారు. ఇంకొకరు అంచు కడతారు. ఉతికి, ఇస్త్రీ చేసి, మూట కట్టడం పట్నంలో. మా అమ్మ తన జన్మలో కొన్ని వేల పువ్వులు అల్లి ఉంటుంది. అవి దుప్పటి అయిన రూపాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. దాని వెల ఎంతో ఆమెకు తెలియదు. తన పువ్వు వెల మాత్రం తెలుసు; అది ఏజెంటు చెప్పిన వెల.

1970ల నాటి లెక్క నాకు బాగా జ్ఞాపకం. వంట, పాడి, దంపుడు, మా చాకిరీ ముగిసిన తరువాత రోజుకు ఆరేడు గంటలు అల్లితే వారానికి మూడు నాలుగు రూపాయలు వచ్చేవి. నేను కొవ్వూరులో భాషాప్రవీణ చదివిన కాలంలో నెలకు పదిహేను రూపాయల మనియార్డరు వచ్చేది. ఫారం మీద నాన్నగారి సంతకం ఉండేది. ఆ డబ్బు ధాన్యం డబ్బని నేను అనుకున్నాను. ధాన్యం డబ్బు ఎరువుల అప్పుకే చాలేది కాదని, ఆ పదిహేనూ పువ్వుల డబ్బేనని నాన్నగారు పోయిన తరువాత మేనత్త చెప్పగా తెలిసింది. అప్పటికే అమ్మ కళ్లు మసకబారాయి. నలభై ఏళ్లకే సులోచనాలు వచ్చాయి. "వయసు" అనేది.

ఇంటికి మిగిలిన ముక్కల సంగతి చెప్పాలి. దారం తూకానికి లెక్క గనుక అందులో ఒక మూర కూడా మనది కాదు. ఏజెంటు వదిలేసిన చిక్కులు, ఉండ చివర తెగిన జానెడు జానెడు పోగులు మాత్రం అమ్మ ఒక మందుల డబ్బాలో దాచేది. అవి చాలినన్ని పోగయ్యాక ఒకదానికొకటి ముడివేసి ఒక పువ్వు అల్లేది. ఈ రేడియో తొడుగుకు ఏడాదిన్నర పట్టింది. వెనుకనున్న ముడులు అవే.

ఆమె లేసు చేతపట్టని రోజు లేదంటే అతిశయోక్తి కాదు. మాఘమాసంలో భీష్మైకాదశికి అంతర్వేది తీర్థం వెళ్లడం మా ఇంటి ఏకైక విహారయాత్ర. తెల్లవారుజామున ఎడ్లబండిలో నరసాపురం రేవుకు చేరి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి గట్టున దిగేవాళ్లం. పంటు మీద అందరూ ఏటిని చూస్తూ ఉంటే అమ్మ పమిట కొంగు చాటున సూది ఆడించేది. "ఇక్కడ కూడానా అమ్మా?" అని నేను విసుక్కుంటే, "చేతులు ఖాళీగానే ఉన్నాయి కదరా అబ్బాయ్, నీకు జీళ్లు కొనొద్దూ?" అన్నది. స్వామి రథం లాగేవేళ మాత్రం సూది రవికలో గుచ్చుకుని రెండు చేతులూ జోడించింది.

మరియా మీస్ అనే జర్మను సమాజశాస్త్రవేత్త 1970ల చివర నరసాపురం ప్రాంతానికి వచ్చి ఈ స్త్రీలతో మాట్లాడారు. 1982లో లండనులో వెలువడిన ఆమె పుస్తకం పేరు 'నరసాపురం లేసు పనివారు'. భారతీయ గృహిణులు ప్రపంచ విపణికి సరుకు తయారు చేస్తున్నారన్న అర్థంలో దానికి ఒక ఉపశీర్షిక కూడా ఉంది. లక్షకు పైబడిన స్త్రీలు ఈ పనిలో ఉన్నా, వారిని పనివారుగా కాక 'ఇంట్లో తీరికవేళ గడుపుకునే గృహిణులు'గా ఎంచడం వల్లనే కూలి అంత తక్కువగా ఉంచగలుగుతున్నారన్నది ఆమె సిద్ధాంతం. వ్యవసాయకూలి స్త్రీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో వీరికి మూడోవంతు కూడా దక్కడం లేదని లెక్క కట్టి చూపారు. 2023లో ఆమె కాలధర్మం చెందారు. ఆ పుస్తకం నా చేతికి వచ్చినది ఉద్యోగ విరమణ తరువాత. చదువుతుంటే నా చెంప మీద ఎవరో కొట్టినట్లయింది. కారణం చెబుతాను.

1991 ఫిబ్రవరి జనగణనలో ఉపాధ్యాయులందరివలెనే నాకూ గణకుడి పని పడింది. ఆ ఏడు ప్రశ్నపత్రంలో ఒక మార్పు చేశారు. స్త్రీల పని జారిపోకూడదని, గత సంవత్సరంలో ఎప్పుడైనా పని చేశారా అన్న ప్రశ్న పక్కన, సొంత పొలంలోగాని కుటుంబవృత్తిలోగాని జీతం లేకుండా చేసే పని కూడా కలుపుకోవాలని స్పష్టంగా అచ్చువేశారు. శిక్షణలోనూ చెప్పారు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ఇల్లాలిని అడిగాను. ఆమె ఒడిలో దారపు ఉండ, చేతిలో సూది; మాట్లాడుతున్నంతసేపూ వేళ్లు ఆగలేదు.

"ఆయ్, పనేం లేదండి మేస్టారూ. ఇంట్లోనే ఉంటానండి. ఊరికే కూర్చోలేక లేసు అల్లుకుంటున్నాను."

నేను 'పని లేదు' అన్న గడిలో గుర్తు పెట్టి పక్కింటికి నడిచాను. ఆ వీధిలో అలా ఎన్ని ఇళ్లకు గుర్తు పెట్టానో నాకే తెలియదు. సాయంకాలం ఇంటికి వచ్చి అమ్మ పేరు ఎదుట కూడా అదే గుర్తు పెట్టాను. ఆమె కాఫీ గ్లాసు నా పక్కన పెట్టి, మళ్లీ సూది అందుకుని, దీపానికి దగ్గరగా జరిగింది. నామవాచకానికీ క్రియకూ తేడా పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా చెప్పినవాణ్ణి. కళ్లెదుట నడుస్తున్న క్రియను గుర్తించలేకపోయాను.

ఆ తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. చైనా మరలేసు వచ్చి చేతిలేసు ధరను దెబ్బతీసింది. 2000ల దశకంలో నరసాపురం వద్ద లేసు పార్కు వెలిసింది. మహిళా సంఘాల ద్వారా నేరుగా అమ్మే యత్నాలు జరిగాయి. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు చట్టరక్షణ కలగడం సంతోషమే. ఆ పేరు నిలబెట్టిన వేళ్లకు గిట్టుబాటు కలిగితే మరింత సంతోషం. ఆడపిల్లలు చదువుకుని ఇతర ఉద్యోగాలకు పోతున్నారు. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వారానికి నాలుగు రూపాయల విద్యను సంస్కృతి పేరిట మోయమని ఎవరిని అడగగలం?

తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు. గణకులుగా వెళ్లే చిన్న మాస్టార్లకు, పంతులమ్మలకు ఈ పెద్ద మేస్టారి మనవి ఒకటే. 'పనేం లేదండి' అన్న జవాబు వినిపించినప్పుడు కలం ఆపి ఒకసారి చేతుల వంక చూడండి.

చదువరులకు మరొక మనవి. మీ ఇంట లేసు ముక్క ఏదైనా ఉంటే తిరగేసి చూడండి. అల్లినవారు ఉంటే, దారం ఎవరు ఇచ్చేవారు, పువ్వుకు ఎంత ఇచ్చేవారు, ఆ డబ్బు దేనికి ఖర్చయింది, ఈ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు తేదీ వేసి రాసిపెట్టండి. నేను అడగలేదు. మేనత్త చెప్పిన పదిహేను రూపాయల మాట తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు.

తొడుగును ఉతికి, నీడన ఆరవేసి, నా రాత బల్ల మీద పరిచాను, ముడుల వైపు పైకి వచ్చేలా.