జవాబు తెలిసిన నగరం

హైదరాబాద్‌కు క్విజ్ కొత్త కాదు. కె-సర్కిల్ 1972 నుంచే ఇక్కడ నడుస్తోంది, ఇప్పుడు పబ్బుల్లోనూ క్విజ్ రాత్రులు జరుగుతున్నాయి. కోఠీ రెసిడెన్సీ కట్టించిన ఈస్టిండియా కంపెనీ దొర ఎవరు, ఆయన పెళ్లాడిన హైదరాబాదీ యువతి ఎవరు అన్నది అలాంటి పోటీకి సరిగ్గా అమరే ప్రశ్న. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా అని చెప్పినవాళ్లకు మార్కులు పడతాయి. విన్నవాళ్లకు, వేర్వేరు జాతుల మధ్య పుట్టిన ప్రేమలను మన ఊరు ఎప్పటినుంచో కడుపులో పెట్టుకుని కాచిందన్న సంతోషం మిగులుతుంది. ఆ సంతోషానికి చరిత్రలో ఆధారం చాలా తక్కువ. కాచిగూడ, కోఠీ చుట్టుపక్కల మరాఠీ, కన్నడ, ఉర్దూ, మార్వాడీ, తెలుగు కుటుంబాలు తరాలుగా ఇరుగుపొరుగున బతికాయి. కర్ణాటక సాహిత్య మందిరం నేటికీ కాచిగూడలోనే ఉంది. అయితే పక్కపక్కన బతకడం వేరు, ఆ ఇళ్ల మధ్య కలిసిన జంటను నిలబడనివ్వడం వేరు. రెండోది ఊరి మంచితనం వల్ల కాదు, హోదా వల్లో చట్టం వల్లో జరిగిందని నా వాదన.

ముందు ఆ క్విజ్ జవాబునే చూద్దాం. 1800 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించి ఖైరున్నీసాను పెళ్లాడాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ దీనిమీద విచారణ జరిపించాడు. నిజాం దర్బారులో పలుకుబడి, కంపెనీలో పదవి ఉండబట్టి కిర్క్‌పాట్రిక్ గట్టెక్కాడు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ పంపించారు, అదే ఏడాది ఆయన కలకత్తాలో చనిపోయాడు. ఆ తర్వాత ఆ హోదా నీడ ఖైరున్నీసాకు దక్కలేదు. ఆమెను హైదరాబాద్‌లో అడుగు పెట్టనివ్వకపోతే మచిలీపట్నంలో తలదాచుకుంది. తర్వాతెప్పుడో తిరిగి రానిచ్చారు. 1813లో కన్నుమూసేదాకా పిల్లల ముఖం మళ్లీ చూడలేదు. క్విజ్ జవాబులో ఆమె పేరు వరకే ఉంటుంది, మచిలీపట్నం ఉండదు.

ఆ పెళ్లి జరిగిన తొంభై ఏళ్ల తర్వాత అదే రెసిడెన్సీ నీడలో ఇంకో జంట నలిగిపోయింది. నిజాం ప్రభుత్వంలో హోం సెక్రటరీగా ఉన్న మెహదీ హసన్ ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిం, ఆయన భార్య ఎలెన్ డానెలీ తెల్ల జాతి స్త్రీ. లండన్ వెళ్లి విక్టోరియా రాణి దర్శనం చేసుకున్న దంపతులు. 1892లో ఊళ్లో ఒక కరపత్రం తిరిగింది. ఆమె గతం మంచిది కాదని, అది అసలు పెళ్లే కాదని అందులో అచ్చు వేశారు. మెహదీ హసన్ కోర్టుకెక్కాడు. రెసిడెన్సీ కోర్టులో నెలల తరబడి సాగిన విచారణలో సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ ఇల్లాలి యవ్వనం గురించి చెప్పారు. ఆ కరపత్రం కేసులో ముద్దాయిగా నిలిచిన మిత్ర అనే వ్యక్తి 1893లో నిర్దోషిగా బయటపడ్డాడు, మెహదీ హసన్ ఉద్యోగం పోయింది. నిజానికి ఇది పెళ్లి గొడవ కాదు, ముల్కీ, నాన్ ముల్కీ అధికారుల పోరు అని ఎవరైనా అనవచ్చు. ఒప్పుకుంటాను. పైనుంచి వచ్చిన ఉద్యోగుల మీద స్థానికుల కడుపుమంట అప్పటికే ఉంది. కానీ ఆయన్ను దించడానికి లంచం గురించి కాకుండా భార్య గురించి ఎందుకు రాశారు? చదివేవాళ్లు వెంటనే నమ్ముతారని తెలుసు కాబట్టే. పగ ఎవరిమీద ఉన్నా దెబ్బ ఆ ఇంటి ఆడదాని మీద పడటానికి కారణం, పరాయి పెళ్లి మీద జనంలో ముందే ఉన్న అనుమానం.

ఇదే హైదరాబాద్‌లో పెరిగిన సరోజినీ చటోపాధ్యాయ అనే బెంగాలీ బ్రాహ్మణ యువతి 1898 డిసెంబరులో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుణ్ని పెళ్లాడింది. కులం వేరు, భాష వేరు. పెళ్లి మద్రాసులో, కందుకూరి వీరేశలింగం పంతులు ఆధ్వర్యంలో, 1872 నాటి మూడో చట్టం కింద జరిగింది. ఆ చట్టం కింద పెళ్లాడాలంటే తాము హిందువులం, ముస్లిములం, క్రైస్తవులం కామని వధూవరులు రాసివ్వాలి. అంత కఠినమైన షరతు ఉన్నా ఆ కాగితం వాళ్లను కాపాడింది. ఎలెన్ విషయంలోలాగా ఇది పెళ్లేనా అని నిలదీసే వీలు ఎవరికీ లేకపోయింది. పెద్దింటి ఆడపిల్ల కాబట్టి చెల్లింది అనేవాళ్ల మాటలో సగం నిజముంది. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఆమె తండ్రి. అయితే హోదా ఒక్కటే చాలితే మెహదీ హసన్‌కు కూడా చాలి ఉండాలి.

రోజులు మారాయని, తార్నాకలో పరిశోధన సంస్థల క్వార్టర్లలో అన్ని రాష్ట్రాల వాళ్లూ ఉంటున్నారని చెప్పుకుంటాం. కానీ ప్యూ సంస్థ 2021లో ప్రకటించిన సర్వేలో దేశంలోని హిందువుల్లో 67 శాతం, ముస్లిముల్లో 80 శాతం తమ స్త్రీలు మతాంతర వివాహం చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమన్నారు. 2018లో మిర్యాలగూడలో కులం కోసం, 2022లో సరూర్‌నగర్‌లో మతం కోసం ఇద్దరు యువకులను చంపేశారు. అందుకే చట్టం ఎలా ఉందో చూడాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం మతం వదులుకోవాలన్న షరతును తీసేసింది గానీ, 30 రోజుల నోటీసు పెట్టింది. పేరు, వయసు, వృత్తి, చిరునామాతో ఆ కాగితం కార్యాలయంలో అందరికీ కనిపించేలా అంటిస్తారు. శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే అక్కడికీ ఒక నకలు పంపుతారు. ఉస్మానియాలో చదువుతూ ఇక్కడ పెళ్లికి దరఖాస్తు పెట్టిన పల్లెటూరి అమ్మాయి సంగతి ఆమె జిల్లాకు ప్రభుత్వమే చేరవేస్తుందన్నమాట. ప్రేమ జంటలకు రక్షణ గృహాలు, ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయమని సుప్రీంకోర్టు 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది. నోటీసు ప్రచురించాలో వద్దో తేల్చుకునే హక్కు జంటకే ఉండాలని అలహాబాద్ హైకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది. దాన్ని దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు చట్టంలోనే రాయాలి. హైదరాబాద్ నుంచి ఎన్నికైన వాళ్లు ఆ సవరణ కోసం సభలో నిలబడి అడగాలి.