నులిపురుగు విన్న చప్పుడు

ముప్కాల్, ఆర్మూరు వైపు పసుపు రైతుకు నులిపురుగు పాత శత్రువే. కంటికి ఆనదు. ఆకు పాలిపోయి, దుంప ఊరక, మొక్క పీకి చూస్తే వేళ్ల మీద బుడిపెలు కనిపించినప్పుడు తెలుస్తుంది అది మట్టిలో ఉందని. పసుపు చేలో బంతి మొక్కలు వేయమనేది దీన్ని అదుపు చేయడానికే.

నులిపురుగుల్లోనే పంట జోలికి పోని రకం ఒకటి ఉంది. పేరు సి. ఎలిగాన్స్. పొడవు ఒక మిల్లీమీటరు. కుళ్లిన పండ్ల దగ్గర బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. దాని ఒంట్లో నాడీకణాలు 302. ఏ కణం దేనితో ముడిపడిందో 1986లోనే పటం గీశారు. నాడుల గుట్టు విప్పాలనుకునేవారికి ఇంతకంటే అనువైన ప్రాణి దొరకడం కష్టం.

గుట్టు విప్పడానికి అడ్డేమిటో 1979లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ చెప్పాడు. మెదడులో ఒక రకం కణాలను మాత్రమే కదిలించాలి, పక్కవాటిని ముట్టుకోకూడదు. కరెంటు తీగ పెడితే చుట్టూ ఉన్నవన్నీ ఉలిక్కిపడతాయి. మందు ఇస్తే మెదడంతా పాకుతుంది. దారి చెరువు నాచులో దొరికింది. క్లామిడోమోనాస్ అనే నాచుకు వెలుగు తగిలితే తెరుచుకునే ప్రోటీన్ ఉంది. దాని జన్యువును ఎలుక నాడీకణాల్లో పెట్టి, నీలికాంతితో వాటిని పలికించినట్టు 2005లో కార్ల్ డైసెరాత్, ఎడ్వర్డ్ బోయ్డెన్ బృందం ప్రకటించింది. ఆ తర్వాత ఏడేళ్లకు సుసుము టొనెగావా ప్రయోగశాలలో, ఒక గదిలో షాక్ తిన్న ఎలుక వేరే గదిలో, ఏ ప్రమాదమూ లేనిచోట, మెదడులో కాంతి పడగానే భయంతో బిగుసుకుపోయింది. ఒక జ్ఞాపకాన్ని, దానితోపాటు భయాన్ని, దీపం వెలిగించినట్టు వెలిగించారన్నమాట.

అయితే కాంతి మెదడులో లోతుకు పోదు. పుర్రెకు రంధ్రం చేసి సన్నని గాజుతీగ దించాలి. ఇక్కడే కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న శ్రీకాంత్ చలసాని కథలోకి వస్తారు. ఇంటిపేరు చూస్తేనే మనకు చుట్టరికం తోస్తుంది. శాస్త్రవేత్త కోరి బార్గ్‌మన్ దగ్గర పనిచేస్తూ, సి. ఎలిగాన్స్ వాసనను ఏ నాడుల వెంట పోల్చుకుంటుందో శోధించి, 2007లో ఆ ఫలితాలు ప్రచురించిన శాస్త్రవేత్త. ఒంట్లోకి సులువుగా దూరే అల్ట్రాసౌండ్‌తో నాడిని తట్టలేమా అన్నది ఆయన బృందం ప్రశ్న. గర్భిణికి స్కానింగ్ చేసేది ఆ రకం ధ్వనితోనే కదా!

మెల్లని అల్ట్రాసౌండ్‌ను పురుగు పట్టించుకోలేదు. చుట్టూ సూక్ష్మమైన వాయు బుడగలు చేర్చి, ధ్వని తాకిడిని పెంచారు. పురుగు వెనక్కి తిరిగింది! కారణం వెతికితే, ఒంటి సాగుడును పసిగట్టే టి.ఆర్.పి-4 అనే ప్రోటీన్ తేలింది. దాన్ని మామూలుగా అది ఉండని నాడుల్లో పెడితే అవి కూడా ధ్వనికి పలికాయి. 2015లో ఈ సంగతి వెలువడింది. పద్ధతికి సోనోజెనెటిక్స్ అని పేరు పెట్టారు.

అదే ప్రయోగశాల 2018లో చెప్పిన సంగతి నాకు మరీ ఇష్టం. సి. ఎలిగాన్స్‌ను కొరికి తినే మరో నులిపురుగు ఉంది. దాని ఒంటి నుంచి ఊరే రసాయనం తగిలితే చాలు, సి. ఎలిగాన్స్ పారిపోతుంది. గుడ్లు పెట్టడం కూడా తగ్గిస్తుంది. మనుషులకు దిగులు, ఆందోళన తగ్గడానికి ఇచ్చే సెర్ట్రలిన్ మందు ఇస్తే ఆ బెదురు తగ్గింది. నేను దీన్ని భయం అనను. భయం అనాలంటే లోపల ఏమనిపిస్తోందో తెలియాలి. బెదురు అంటాను, లేగదూడ బెదిరినట్టు. ఆ బెదురును తగ్గించే మందు, మన దిగులును తగ్గించే మందు ఒకటే కావడం మాత్రం నన్ను కదిలించింది.

పురుగు తర్వాత ఎలుక. పాలిచ్చే జంతువుల కణాల్లో పనిచేసేది కావాలని దాదాపు 300 ప్రోటీన్లను పరీక్షించారు. గెలిచింది మనిషి ఒంట్లోని టి.ఆర్.పి.ఎ-1. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు నషాళానికి అంటుతుందే, ఆ ఘాటును పసిగట్టేది ఈ ప్రోటీనే. దాని జన్యువును వైరస్ ద్వారా ఎలుక మెదడులో, కదలికలను నడిపే భాగానికి చేర్చి అల్ట్రాసౌండ్ పంపితే ఎలుక కాలు కదిలింది. అది 2022లో ప్రచురితమైంది.

ముప్కాల్, ఆర్మూరు బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. పెంటకుప్పలోని తడిమట్టిని పల్చని గుడ్డలో మూటగట్టి ఒక రాత్రి నీళ్లలో వేలాడదీయండి. తెల్లారి అడుగున పేరుకున్న చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, మెలికలు తిరిగే నులిపురుగులను పిల్లలకు చూపించండి.