బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుంది? నల్లతెర మీది ఒక్క వరుస వెనక చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న వస్తువు గురించి మాట్లాడదాం. కంప్యూటర్లో నల్లటి తెర ఒకటి ఉంటుంది కదా, టెర్మినల్ అంటారు. బొమ్మలుండవు, బటన్లుండవు. మనం ఒక మాట టైప్ చేస్తే అది జవాబిస్తుంది. అందులో బస్టాపు నంబరు కొడితే "ఫలానా బస్సు, 6 నిమిషాలు" అని చెప్పే కమాండ్ లైన్ ప్రోగ్రాములు చాలామంది సొంతానికి రాసుకున్నారు. ముప్ఫై వరుసల కోడ్ ఉంటే చాలు. ఆ ముప్ఫై వరుసలు సరిపోవాలంటే ముందు ఎంత పని జరగాల్సి వచ్చిందో చెప్పాలనే ఈ ఎపిసోడ్. కథ ఎక్కువగా అమెరికాలో, సియాటిల్‌లోనూ పోర్ట్‌లండ్‌లోనూ నడుస్తుంది. సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడుమంది కాబట్టి, ఆ బస్సులెక్కినవాళ్లు ఇది చూసేవాళ్లలోనూ ఉంటారు.

ముందు సియాటిల్. అక్కడి సిటీ బస్సులు నడిపేది కింగ్ కౌంటీ మెట్రో. 1990లలో వాళ్లు బస్సుల జాడ పట్టింది జీపీఎస్‌తో కాదు. రోడ్డు పక్కన స్తంభాలకు చిన్న రేడియో పరికరాలు పెట్టారు. బస్సు ఆ స్తంభం దాటగానే దాని గుర్తు అందుకుంటుంది. అక్కణ్ణుంచి చక్రాలు ఎంత దూరం తిరిగాయో మీటర్ లెక్కపెడుతుంది. రెండూ కలిపితే బస్సు ఎక్కడుందో తెలుస్తుంది. మరి బస్సు దారి మళ్లితే? తర్వాతి స్తంభం తగలదు, లెక్క తప్పిపోతుంది.

ఇక్కడ ఒకటి గమనించాలి. బస్సు ఎక్కడుందో తెలియడం వేరు, మన స్టాపుకి ఎప్పుడొస్తుందో తెలియడం వేరు. మెట్రో ఆఫీసుకు మొదటిది కావాలి. వానలో నిలబడ్డ మనిషికి కావాల్సింది రెండోది. ఈ రెండింటి మధ్య ఉన్న లెక్కను పట్టుకుంది యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో డేనియల్ డెయిలీ బృందం. వాళ్లు కాల్మన్ ఫిల్టర్ అనే గణిత పద్ధతితో బస్సు రాకను అంచనా వేసి, "మైబస్" పేరుతో వెబ్‌లో పెట్టారు. స్మార్ట్‌ఫోన్లు ఇంకా రాని కాలం అది!

ఇప్పుడు పోర్ట్‌లండ్‌కి వెళదాం. అక్కడి రవాణా సంస్థ ట్రైమెట్‌లో బిబియానా మెక్‌హ్యూ అనే ఉద్యోగిని ఉండేవారు. కారులో వెళ్లడానికి దారి చెప్పే మ్యాపులున్నాయి, బస్సులో వెళ్లడానికి ఎందుకు లేవు అన్నది ఆవిడ ప్రశ్న. గూగుల్‌తో మాట్లాడి, ట్రైమెట్ టైంటేబుల్ మొత్తం వాళ్లకిచ్చారు. 2005 డిసెంబరులో పోర్ట్‌లండ్‌తోనే గూగుల్ ట్రాన్సిట్ మొదలైంది. ఆ డేటా కోసం తయారైన పద్ధతి పేరు జీటీఎఫ్‌ఎస్. చూస్తే ఏమీ లేదు, మామూలు టెక్స్ట్ ఫైళ్లు: స్టాపులకు ఒకటి, రూట్లకు ఒకటి, ఏ స్టాపుకి ఎన్నింటికో చెప్పేది ఇంకొకటి. కామాలతో విడదీసిన వరుసలు, అంతే. బస్సు ఆఫీసులో గుమస్తా కూడా స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి దిద్దగలిగేంత సాదాగా ఉండాలనుకున్నారు. ఇంకో తమాషా, అందులో 25:35:00 అనే టైం ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటా ముప్ఫై అయిదుకి వచ్చే బస్సు నిన్నటి సర్వీసుకే చెందుతుంది కాబట్టి, గడియారాన్ని 24 దాటించేశారు. బస్సు డిపోలో పనిచేసినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

మళ్లీ సియాటిల్. 2008లో అదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న బ్రయాన్ ఫెరిస్ "వన్‌బస్‌అవే" మొదలుపెట్టాడు. ఫోన్ చేసి స్టాపు నంబరు నొక్కితే గొంతు జవాబు చెప్పేది, ఎస్సెమ్మెస్ పంపినా చెప్పేది. కోడ్ అందరికీ ఇచ్చేశాడు. ఏపీఐ కూడా ఇచ్చాడు, అంటే మన ప్రోగ్రామే వెళ్లి అడగొచ్చు. స్టాపు 1_75403 అంటే, ముందున్న 1 సంస్థ నంబరు, తర్వాతది స్టాపు నంబరు. జవాబులో రెండు టైములుంటాయి: టైంటేబుల్ చెప్పేది ఒకటి, బస్సు జాడను బట్టి అంచనా వేసింది ఒకటి. జాడ దొరక్కపోతే అంచనా దగ్గర సున్నా పెడతారు. ఈ సున్నా నాకు చాలా నచ్చుతుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పడం అన్నమాట. టెర్మినల్ ప్రోగ్రాము రాసేవాడు ఆ సున్నాను మింగేసి టైంటేబుల్‌నే "6 నిమిషాలు" అని చూపిస్తే, రాని బస్సు కోసం ఒకరు చలిలో నిలబడతారు.

దీనివల్ల నిజంగా ఏమన్నా మారిందా? వన్‌బస్‌అవే మీద కారీ వాట్కిన్స్, ఫెరిస్ వగైరాలు చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. ఎంతసేపు ఎదురుచూశారని అడిగితే, లైవ్ సమాచారం ఉన్నవాళ్లు సగటున 7.5 నిమిషాలన్నారు, లేనివాళ్లు 9.9 అన్నారు. కొత్త బస్సు ఒక్కటి కూడా కొనకుండా!

అన్నిచోట్లా ఇంత సాఫీగా జరగలేదు. న్యూయార్క్‌లో 2009లో ఎంటీఏ సంస్థ, తన రైళ్ల టైంటేబుల్‌తో ఐఫోన్ యాప్ చేసినాయన మీద కాపీరైట్ గొడవ పెట్టుకుంది. జనం డబ్బుతో నడిచే బండి ఎన్నింటికి వస్తుందో చెప్పడానికి జనానికే పర్మిషన్ కావాలా? పెద్ద రచ్చయ్యాక సంస్థే పద్ధతి మార్చుకుని డేటా తెరిచింది. ఆపైన 2011లో బ్రూక్లిన్ బీ63 రూట్లో బస్సుల జాడ చూపించడం మొదలుపెట్టినప్పుడు వాడింది ఎవరి కోడో తెలుసా? వన్‌బస్‌అవేదే.

మన దగ్గరికొస్తే, తెలంగాణ ఆర్టీసీ 2023లో "గమ్యం" యాప్ తెచ్చింది. ప్రయాణికుడికి అది చాలు. సొంతంగా ముప్ఫై వరుసలు రాసుకునేవాడికి మాత్రం యాప్ కింద ఉన్న డేటా కావాలి. ఆ దారి ఢిల్లీలో ఉంది. అక్కడి ప్రభుత్వం ఐఐఐటీ ఢిల్లీతో కలిసి 2018లో ఓపెన్ ట్రాన్సిట్ డేటా పెట్టింది. రిజిస్టర్ చేసుకుంటే కీ ఇస్తారు. అయితే లైవ్‌లో వచ్చేది బస్సు ఎక్కడుందన్నదే. ఎన్ని నిమిషాల్లో వస్తుందన్నది మీరే లెక్కగట్టుకోవాలి, డెయిలీగారి బృందం కూర్చుని చేసిన పని అదే. ఆ లెక్క ఎలా కట్టాలో కాగితం మీద గీసి చూపిస్తాను, వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండీ.