జ్ఞా కథ: బగ్గులూ, తెలుగూ, మనమూ

మహాసభల సంచికలో చరిత్ర వ్యాసం అనగానే శాతవాహనులో, కాకతీయులో, కృష్ణదేవరాయలో గుర్తుకు రావడం సహజం. నేను చెప్పబోయే చరిత్రకు అంత వయసు లేదు. ఇందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఉన్నదల్లా కంప్యూటరు తెర మీద మన అక్షరాలు పడ్డ పాట్లు, ఆ పాట్లు చూసి ఊరుకోకుండా ఫిర్యాదు రాసిన వాళ్ళ ఓపిక. ఇదంతా మన కళ్ళ ముందే జరిగింది కాబట్టి మనమే రాసి పెట్టుకోకపోతే ఇంకొకరు రాయరు.

మాది ఇల్లినాయి రాష్ట్రంలోని అరోరా. షికాగోకి పడమటి దిక్కున, ఫాక్స్ నది ఒడ్డున ఉంటుంది. అరోరా అంటే ఉషస్సు. 1881లోనే వీధులకు విద్యుద్దీపాలు పెట్టుకున్న ఊరని ఇక్కడి వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మన వాళ్ళకు మాత్రం అరోరా అంటే 1986లో వెలసిన బాలాజీ గుడి. నా వృత్తి సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెదికి, కాగితం మీద పెట్టి, వాళ్ళ చేత దిద్దించడం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, పాతికేళ్ళ పాటు రంధ్రాన్వేషణకి జీతం పుచ్చుకున్నాను.

బగ్గు అంటే ఏమిటి?

యంత్రంలోని లోపాన్ని పురుగు అనడం కంప్యూటర్ల కన్నా పాత అలవాటే. 1878లో ఎడిసన్ తన ఉత్తరంలో ఆ మాట వాడాడు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ వారి మార్క్ 2 యంత్రంలో నిజంగానే ఒక చిమ్మెట దొరికింది. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, అసలైన పురుగు దొరికిందని పక్కన రాసుకున్నారు. గ్రేస్ హాపర్ పని చేసిన బృందం అది. నా దృష్టిలో ఆ చిమ్మెట కన్నా ఆ రాసుకోవడమే గొప్ప విషయం. ఎప్పుడు, ఎక్కడ, ఏం కనబడింది అన్నది రాసి పెట్టడమే బగ్గుల విద్యకు ఓనమాలు.

మనం రోజూ వాడే కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్‌లో బగ్గులు ముఖ్యంగా రెండు రకాలు. ఇంటి తలుపుతో పోల్చి చెబుతాను. తలుపు బిగుసుకుపోయి తెరుచుకోకపోతే అది వాడుకకు సంబంధించిన బగ్గు. తాళం వేసినా తెరుచుకుంటే అది భద్రతకు సంబంధించిన బగ్గు. మొదటి దాన్ని నలుగురిలో నిలబడి చెప్పవచ్చు. రెండో దాన్ని ముందుగా ఇంటాయన చెవిలో వేయాలి, దొంగ చెవిలో పడకుండా. ఇక మన తెలుగు ఈ రెండు రకాలనూ చవి చూసింది.

అక్షరాల పాట్లు

1991లో యూనికోడ్ మొదటి ప్రమాణం వెలువడింది. అందులో తెలుగుకు 128 గళ్ళ స్థలం కేటాయించారు. భారత ప్రభుత్వం వారి ఇస్కీ ప్రమాణం దానికి ఆధారం. స్థలం అయితే దొరికింది గానీ, ఇల్లు కట్టడానికి పదేళ్ళు పట్టింది. ఆ మధ్య కాలంలో ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క ఫాంటు. ఒకరి ఫాంటులో రాసింది ఇంకొకరి కంప్యూటరులో పిచ్చి గీతల్లా కనబడేది. అందుకని చాలా మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాలతోనే రాసుకుని సరిపెట్టుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలోని మన విద్యార్థులు తయారు చేసిన లిప్యంతరీకరణ పద్ధతి ఆ రోజుల్లో ప్రవాసాంధ్రులకు పెద్ద ఆసరా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు మరో ఆసరా.

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు అడుగు పెట్టింది. కానీ దానంతట అది కనబడేది కాదు. కంట్రోల్ పానెల్‌లో ఎక్కడో ఒక మూల ఉన్న గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ మళ్ళీ ఎక్కించి, కంప్యూటరు ఆపి మొదలెడితేనే దర్శనం. మా గుడిలో ఆదివారం ప్రసాదాలయ్యాక, దేశం నుంచి వచ్చిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆ టిక్కు పెట్టి రావడం కొన్నేళ్ళ పాటు నాకొక వ్రతం. 2006లో వీవెన్ లేఖిని తీసుకొచ్చాక టైపు చేయడం సులువయింది. ఆపిల్ వారి మాక్‌లో 2011 నాటి లయన్‌తో తెలుగు ఫాంట్లు వచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా పని చేసే స్వేచ్ఛ సంస్థ ఏకంగా తెలుగు లినక్సునే తయారు చేసింది.

అక్షరం కనబడితే సరిపోదు, సవ్యంగా కనబడాలి. గుడిలో పరిచయమైన ఒక తెలుగు మాస్టారు, వాళ్ళ నాన్నగారి చేతివ్రాత శతకాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ఒకనాడు నన్ను పిలిచి, “నాయనా, ‘స్త్రీ’ అని కొడితే కింద వత్తులు కత్తిరించుకు పోతున్నాయి. ‘వస్త్రం’ కూడా అంతే. మన భాషకి కాళ్ళు ఎందుకు నరుకుతున్నారోయ్?” అన్నారు. కారణం చిన్నదే. వరుసకీ వరుసకీ మధ్య ఎంత ఎత్తు వదలాలన్నది ఇంగ్లీషు అక్షరాలను చూసి నిర్ణయించారు. ఇంగ్లీషులో వత్తు కింద వత్తు ఉండదు కదా! ఇద్దరం కూర్చుని ఆ ప్రోగ్రాము తయారు చేసిన కంపెనీకి ఫిర్యాదు రాశాం. “మా డిజైను ప్రకారమే ఉంది” అని జవాబు వచ్చింది. మాస్టారు ఊరుకోలేదు. చేతివ్రాత పుట ఒక వైపు, తెర మీది బొమ్మ మరో వైపు పెట్టి, తెగిన చోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి, మళ్ళీ పంపించారు. ఏడు నెలల తరవాత దిద్దారు. ఆ ఎర్ర సిరా ముందు నా పాతికేళ్ళ అనుభవం ఏపాటిది!

జ్ఞా తెచ్చిన తంటా

ఇక అసలు కథ. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలోని జ్ఞా. దాన్ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కూర్చి పంపిస్తే ఐఫోనులో మెసేజీల ప్రోగ్రాము కుప్పకూలేది. నోటిఫికేషనులో వస్తే ఫోనే ఆగి మళ్ళీ మొదలయ్యేది. మాక్ కంప్యూటర్లలోనూ అదే వరస. కొంతమంది ఆకతాయిలు తమ ట్విట్టరు పేరులో ఆ అక్షరం పెట్టుకుని జనాన్ని ఏడిపించారు.

మామూలుగా మనం రాసే జ్ఞా వల్ల ఏ ప్రమాదమూ లేదు. కంటికి కనబడని ఒక గుర్తు మధ్యలో చేరితేనే చిక్కు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే రెండు అక్షరాలు అతుక్కోకుండా మధ్యన నిలబడే అడ్డుపుల్ల. ఇది మనకు పరాయిదేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా ఆపేది ఆ అడ్డుపుల్లే. జ, దాని కింద ఞ వత్తు, ఆ తరవాత ఈ అడ్డుపుల్ల, చివరికి దీర్ఘం, ఈ వరసలో వస్తే ఆపిల్ వారి అక్షరాలు పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగం లెక్క తప్పి, మెమరీని పాడు చేసేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కూర్పులతో ఇదే జరుగుతుందని ప్రోగ్రామర్లు కొద్ది రోజుల్లోనే తేల్చారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఫోన్లకూ, మాక్‌లకూ, గడియారాలకూ, టీవీ పెట్టెలకూ దిద్దుబాటు విడుదల చేసింది. భద్రతా లోపాల పట్టికలో దాని నంబరు సీవీఈ-2018-4124.

దిద్దడం త్వరగానే జరిగింది, సంతోషం. నాకు గుచ్చుకున్నది వేరే విషయం. లోపం ఆపిల్ ప్రోగ్రాములో ఉంటే, లోకం దానికి పెట్టిన పేరు తెలుగు బగ్గు. మా ఆఫీసులో ఒకాయన, “మీ భాష చాలా ప్రమాదకరమైనదట కదా” అని నవ్వాడు. వంతెన కూలితే తప్పు వంతెనది గానీ దాని మీద నడిచిన మనిషిది కాదు గదా!

పైగా ఇది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు. 2013లో ఒక అరబిక్ వాక్యం ఆపిల్ వారి ఫోన్లనూ, మాక్‌లనూ కూల్చింది. 2015లో అరబిక్ అక్షరాలున్న మరో సందేశం ఐఫోన్లను ఆపింది. 2020లో ఇటలీ జెండా బొమ్మ, సింధీ అక్షరాలు కలిసిన సందేశం ఆ పనే చేసింది. అరబిక్, తెలుగు, సింధీ! ఈ వరస కాకతాళీయం అనుకోను. మనవి సంక్లిష్ట లిపులు కాబట్టి పేర్చడం కష్టం, నిజమే. కష్టమైన చోట ఎక్కువ పరీక్షించాలి. తయారీ జరిగే చోట ఆ లిపిలో రోజూ రాసేవాళ్ళు తక్కువైతే, పరీక్ష చివరికి వాడుకరుల నెత్తిన పడుతుంది.

చెప్పినా వినేదెవరు?

మీకూ ఈ అనుమానం వచ్చే ఉంటుంది. 2017 నవంబరు 28న టర్కీకి చెందిన ఒక ప్రోగ్రామరు, మాక్‌లో రూట్ అనే పేరు కొట్టి, సంకేతపదం ఖాళీగా వదిలేసి ఒకటి రెండు సార్లు నొక్కితే లోపలికి రానిస్తోందని ట్విట్టరులో అందరికీ చెప్పాడు. మర్నాడే దిద్దారు. కాని ఆ ఒక్క రోజూ తాళం లేని ఇంటి సంగతి ఊరంతటికీ తెలిసింది. 2019 జనవరిలో అరిజోనాలో ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఫేస్‌టైమ్‌లో లోపం దొరికింది. అవతలి వాళ్ళు ఫోను ఎత్తకుండానే వాళ్ళ మాటలు వినబడేవి. వాళ్ళమ్మ వారం పైగా ఆపిల్ వారికి చెప్పడానికి ప్రయత్నించింది. గోల బయట పడ్డాకే కదలిక వచ్చింది. ఫిబ్రవరి 7న దిద్దుబాటు ఇచ్చి, ఆ కుర్రాడికి పారితోషికం కూడా ముట్టజెప్పారు. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ తన బహుమతి పథకాన్ని మాక్‌తో సహా అందరికీ తెరిచింది.

రెండో వైపు కూడా చూడాలి. 1998లో మొజిల్లా వారి బగ్‌జిల్లా వచ్చాక, బగ్గుల చిట్టాను ఎవరైనా చదవడానికీ, రాయడానికీ తలుపు తెరుచుకుంది. 2009లో ఉబుంటు లినక్సు వాళ్ళు చిన్న చిన్న వాడుక బగ్గులు వంద ఏరి దిద్దాలని పథకం పెట్టారు. కాగితం అంచుకి వేలు కోసుకుంటే ప్రాణం పోదు గానీ చురుక్కుమంటుంది చూడండి, అలాంటివి. మా అరోరా పక్కనే, బటేవియాలో ఉన్న ఫెర్మీలాబ్ 2004లో సైంటిఫిక్ లినక్సు విడుదల చేసి, 2024 దాకా పోషించింది. అణువుల్ని చీల్చే శాస్త్రజ్ఞులకు కూడా ఎవరో ఒకరు కూర్చుని బగ్గులు దిద్దిపెట్టాలి.

మనం చేయగలిగింది

వృత్తిలో నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒక ఉత్తరంలో ఒకే బగ్గు రాయండి. ఏం చేస్తే వచ్చిందో వరసగా అంకెలు వేసి రాయండి. ఏం కావాలనుకున్నారు, ఏం జరిగింది, రెండూ విడివిడిగా చెప్పండి. ఆపరేటింగ్ సిస్టమ్ పేరూ, వెర్షనూ, తెర బొమ్మా జతచేయండి. “తెలుగు సరిగా రావట్లేదు” అంటే ఎవరూ దిద్దలేరు. “ఈ ఫాంటులో, ఈ సైజులో, ‘స్త్రీ’ రాస్తే రెండో వత్తు తెగుతోంది” అంటే దిద్దకుండా తప్పించుకోలేరు. భద్రతకు సంబంధించినదైతే మాత్రం కంపెనీ వారి భద్రతా విభాగానికే ముందు రాయండి. ఫేస్‌బుక్కులో పెట్టకండి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మన వాళ్ళు ఈ కంపెనీల్లో వేల సంఖ్యలో పనిచేస్తున్నారు, పై కుర్చీల్లోనూ కూర్చున్నారు. అయినా వత్తు తెగిన సంగతి పసిగట్టింది తెలుగులో శతకం టైపు చేస్తున్న మాస్టారే, ఎందుకంటే ఆయన తెలుగులో రాస్తున్నారు. తెలుగులో రాసేవాళ్ళు ఉంటేనే తెలుగు బగ్గులు కనబడతాయి, కనబడితేనే దిద్దుతారు, దిద్దితేనే రేపు మన పిల్లలు విసుక్కోకుండా రాస్తారు. కాబట్టి మహాసభల నుంచి ఇంటికి వెళ్ళాక, మీ కంప్యూటరులో తెలుగులో ఒక పుట రాయండి. ఎక్కడైనా చురుక్కుమంటే ఒక ఫిర్యాదు రాయండి. మాస్టారి శతకం నూటెనిమిది పద్యాలూ వత్తులతో సహా అచ్చయింది. నా బల్ల మీద ఒక ప్రతి ఉంది.