దేవగఢ్ గద్దె ఎలా పోయింది?



"మన రాజులే ఉండి ఉంటే మన అడవి మనకే ఉండేది" అని మనలో చాలామంది అంటుంటారు. ఆ గర్వం నాకూ ఉంది. నాగపూర్‌కి పునాది వేసింది దేవగఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్ షా అని ఎంతమందికి తెలుసు? కానీ ఆ రాజ్యం ఎలా పోయిందో కూడా తెలుసుకోవాలి కదా.

ఆయన కొడుకు చాంద్ సుల్తాన్ నాగపూర్‌ని రాజధాని చేసుకుని చుట్టూ గోడ కట్టించాడు. 1739లో చనిపోయాడు. అంతే, గద్దె కోసం గొడవ. వలీ షా ఆక్రమించుకున్నాడు. చాంద్ సుల్తాన్ భార్య తన కొడుకుల కోసం పక్కనే బేరార్‌లో ఉన్న మరాఠా సర్దారు రఘోజీ భోంస్లేని పిలిచింది. ఆయన వచ్చాడు, కొడుకులని గద్దె ఎక్కించాడు, ప్రతిఫలం పుచ్చుకుని వెళ్లిపోయాడు. నాలుగేళ్లకే ఆ అన్నదమ్ములు అక్బర్ షా, బుర్హాన్ షా కొట్టుకున్నారు. మళ్లీ రఘోజీకి కబురు. ఈసారి వచ్చినాయన అధికారం వదల్లేదు. అక్బర్ షాని వెళ్లగొట్టారు. బుర్హాన్ షా భోంస్లే ఇచ్చే భత్యం మీద పేరుకి రాజుగా మిగిలాడు. చూడండి, శత్రువు దండెత్తి వచ్చి గెలుచుకున్న రాజ్యం కాదిది. మనమే పిలిచి ఇచ్చాం. తర్వాత ఎవరు అనే ప్రశ్నకి జవాబు ఒక్క ఇంట్లోనే వెతికితే ఇలాగే అవుతుంది.

ఇప్పుడు 1969కి రండి. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి, మన తెలుగాయన వి.వి. గిరి బాధ్యత తీసుకున్నారు. ఎన్నికలో నిలబడాలని ఆయన రాజీనామా చేస్తే, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నెల రోజులు చూసుకున్నారు. ఆగస్టులో గిరి గెలిచారు. ఆ గొడవలో కాంగ్రెస్ పార్టీయే చీలిపోయింది గానీ దేశానికి ఏమీ కాలేదు. ఖాళీ వస్తే ఆరు నెలల్లోపు ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో ముందే రాసిపెట్టారు మరి.

ద్రౌపది ముర్ము గారి మయూర్‌భంజ్ కూడా ఒకప్పటి సంస్థానమే, 1949 జనవరి 1న ఒడిశాలో కలిసింది. ఆ గద్దె ఉన్నన్నాళ్లు సంతాల్ ఆడపిల్లకి దాని దగ్గరికి వెళ్లే దారే లేదు. ఆమె 1997లో రాయిరంగ్‌పూర్‌లో కౌన్సిలర్, 2022లో రాష్ట్రపతి.

అలాగని మురిసిపోయి కూర్చుంటే పోడు పట్టాలు రావు. రాష్ట్రపతికి మనం నేరుగా ఓటు వెయ్యం, ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు. గెలిచినాక మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి. గవర్నర్‌ని అయితే అసలు ఎవరూ ఎన్నుకోరు. కానీ ఐదో షెడ్యూల్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఉట్నూరు, పాడేరు గురించి అందులో ఏం రాశారో, అసలు పంపారో లేదో ఆర్‌టీఐ పెట్టి అడగొచ్చు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు.