డేటాబేస్ బ్యాకప్ ఫైలు ఉబ్బడం

లోపలి సమాచారంతో పొంతన లేకుండా డేటాబేస్ బ్యాకప్ ఫైలు పెరిగిపోవడం. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి తరచు కనిపించే కారణం చాలా చిన్నది. బ్యాకప్ ఆదేశంలో 'ఇనిట్' అని రాయకపోతే కొత్త బ్యాకప్ పాతదాన్ని చెరపదు, అదే ఫైలు చివర చేరుతుంది. రోజూ ఒకే పేరుతో తీస్తే 2 జీబీ ఫైలు నెల తిరిగేసరికి 60 జీబీ దాకా పోతుంది. 'రీస్టోర్ హెడర్‌ఓన్లీ' నడిపితే ఒక్కో బ్యాకప్‌కు ఒక్కో వరుస వస్తుంది. 30 వరుసలు కనిపిస్తే జబ్బు దొరికినట్టే. అయితే ఇనిట్ పాతవాటిని తుడిచేస్తుంది. ముందుగా ఆ ఫైలును వేరేచోట దాచుకోవడం తప్పనిసరి.

ఒకే వరుస ఉంటే పట్టికల పరిమాణం చూడాలి. ఎన్నడూ తీసేయని పాత నమోదులు, స్కాన్ చేసిన కాగితాలు బరువు పెంచుతాయి. ఫుల్ బ్యాకప్ ఖాళీ జాగాను మోయదు కనుక డేటాబేస్‌ను కుదించినా ఫైలు తగ్గదు. కంప్రెషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడాలి; ఆ సదుపాయం 2008 వెర్షన్‌తో వచ్చింది.

లిపి వల్ల పెరిగే బరువు మాత్రం లోపం కాదు. తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి పేరునే తీసుకుందాం. యూటీఎఫ్-8లో ఆ పేరుకు ఇంగ్లీషులో 9 బైట్లు, తెలుగులో 27, తమిళంలోనూ 27. కంప్రెషన్‌తో ఈ తేడా తగ్గుతుంది. జాగా కోసం ఊళ్ల పేర్లను, మనుషుల పేర్లను ఇంగ్లీషులోకి మార్చకండి.