వ్యాపార నామములు - ఇంటర్నెట్ చిరునామాలు

గుణదల నుండి బయలుదేరి ప్రకాశం బ్యారేజీ మీదుగా కృష్ణను దాటినచో తాడేపల్లి వచ్చును. ఈ ఊర రైతు కుటుంబమున జన్మించిన కల్లం అంజిరెడ్డి 1984లో హైదరాబాదున ‘డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్’ అను ఔషధ సంస్థను స్థాపించెను. ఆ పేరునకు విలువ పెరిగిన కొలది అది ఇతరుల కంట బడినది. సంస్థతో సంబంధము లేనివారు ‘డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్’ అను మాటలతో ఒక ‘.కామ్’ చిరునామాను నమోదు చేయించుకొనిరి. 2001లో ఢిల్లీ హైకోర్టు వారు ఆ పేరును వాడరాదని నిషేధించినది. మందును గూర్చి తెలిసికొనగోరి ఆ చిరునామాను కొట్టిన రోగి, అక్కడ కనబడిన దానిని ఆ సంస్థ మాటగానే నమ్మును గదా!

ఇట్టి చిక్కునకు మూలము చిరునామాల ఏర్పాటులోనే ఉన్నది. ఇంటర్నెట్టులో యంత్రములు ఒకదాని నొకటి గుర్తించునది సంఖ్యలతో. సంఖ్యలు మనుష్యులకు జ్ఞాపకముండవు గనుక వానికి బదులు పేర్లు పెట్టిరి. మొదట ఆ పేర్ల జాబితా యంతయు అమెరికాలో ఒకే చోట, ఒకే పట్టికగా ఉండెడిది. యంత్రములు పెరిగి పట్టిక మోయలేని బరువు కాగా, 1983లో పాల్ మొకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు పేరును భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగపు బాధ్యతను ఒక్కొక్క చోటికి పంచు పద్ధతిని రూపొందించెను. ఇదియే డొమైన్ నేమ్ వ్యవస్థ. ఈ వ్యవస్థ అక్షరములను సరిపోల్చును, అంతే. అర్థము దానికి పట్టదు. ఒక్క అక్షరము హెచ్చినను అది వేరు పేరే. ఆ పేరు ఖాళీగా ఉన్నచో ముందు రుసుము కట్టినవారికి దక్కును. అడుగువానికి దానిపై హక్కు కలదా అని యంత్రము విచారింపదు.

చట్టపు త్రోవ వేరు. ఒకే వీధిలో ‘లక్ష్మి’ పేరుతో బట్టల కొట్టును, ఇనుప సామానుల కొట్టును ప్రక్కప్రక్కనే ఉండవచ్చును, కొనువాడు పొరబడడు. కాని ‘లక్ష్మి.కామ్’ ప్రపంచమంతటికిని ఒక్కటే.

ఈ రెండు త్రోవలు సుప్రీంకోర్టులో ఎదురైనది ‘సిఫీ’ వ్యాజ్యమున. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి శాఖయైన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని ఇంగ్లీషు అక్షరములను కూర్చి ‘సిఫీ’ అను క్రొత్త మాటను కల్పించి, 1999లో ఆ మాటతో చిరునామాలను నమోదు చేయించినది. తరువాత రెండేండ్లకు మరియొక సంస్థ, నడుమ ‘ఎఫ్’ అను అక్షరమును రెండుమార్లు వ్రాసి, ‘సిఫీనెట్’ అనియే పలుకునట్టి పేరును తీసికొనినది. అది తమ సంస్థాపకులు ఐదుగురి పేర్ల మొదటి అక్షరములని ఆ సంస్థ వాదన. బెంగుళూరు సివిల్ కోర్టు ఆ పేరును ఆపినది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది.

2004 మే 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. న్యాయమూర్తులు రుమా పాల్, పి. వెంకటరామరెడ్డి. అప్పటికి డొమైన్ పేర్ల తగవులకు మన దేశమున ప్రత్యేక చట్టము లేదు. కావున తన సరుకును పరుల సరుకుగా చెలామణి చేయరాదను పాత న్యాయసూత్రమునే వారు ఈ క్రొత్త వస్తువునకు అన్వయించిరి. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపారమును గుర్తింపజేయు చిహ్నము కూడనని నిర్ణయించిరి. ఐదుగురి పేర్ల కథను నమ్మలేదు. ఇచట కొలబద్ద యంత్రము కాదు, సాధారణ వినియోగదారుడు. ఒకదానికై పోయి పొరపాటున మరియొక దానికి చేరినవాడు, తాను కోరిన సేవ అక్కడ కానరాక, అసలు సంస్థయే తన సేవలను గూర్చి తప్పుగా చెప్పుకొన్నదని తలపవచ్చును. చెవికి ఒకటే అయినప్పుడు, కంప్యూటరునకు రెండైనంత మాత్రమున లాభమేమి?

ఆ సత్యం సంస్థ లెక్కల మోసము 2009లో బయటపడి దాని పేరే చెడినది. అప్పటికే సిఫీ దాని నుండి వేరైనది.

ప్రపంచమున ఇట్టి తగవులకు 1999లోనే ఐకాన్ అను సంస్థ మధ్యవర్తి విచారణ పద్ధతిని ఏర్పరచెను. ‘.ఇన్’ పేర్లకు మన దేశమున 2005లో అట్టిదే వచ్చినది. తరువాత తెలుగు లిపిలోనే ‘.భారత్’ చిరునామాలు కలిగినవి. వానితో క్రొత్త చిక్కు. తెలుగు ‘ర’యును, కన్నడ ‘ర’యును కంటికి ఒక్కటే, కంప్యూటరులో వాని సంఖ్యలు వేరు. అందుచేతనే చిరునామాలోని ఒకే మాటలో రెండు లిపులను కలుపరాదని నియమము పెట్టిరి. ‘థ’, ‘ధ’ మాత్రము ఒకే లిపిలోనివి. వానిని ఆ నియమము ఆపలేదు.